సన్నని షవర్

"సకల గృహస్థులకు తెలియజేయునది ఏమనగా, ఇకమీదట స్నానాల గదిలో నీళ్లు ప్రభుత్వం చెప్పినంత సన్నగానే పడవలెను!" అని చాటుతూ మా అక్క ఇంట్లో కొత్త షవర్ బిగించాను. నేను ప్లంబర్ని.

అక్క నవ్వలేదు. "ఈ ఇంట్లో నేను కాస్త ఊపిరి పీల్చుకునేది దాని కిందే. అదీ తగ్గించేశార్రా?" అంది నీరసంగా.

ఆ ఊపిరైనా ఎక్కడిది? తను లోపలికెళ్తే చాలు, సాక్సులెక్కడని బావ తలుపు బాదుతాడు. అవి దొరికాక రిమోటేదంటాడు. అక్క ఒంటిమీద సబ్బుతోనే బయటికొస్తుంది.

అందుకే బావను పక్కకు పిలిచాను. "బావా, కొత్త రూలు ప్రకారం స్నానం మధ్యలో మనిషిని పిలవకూడదు. షవర్ కట్టేసి మళ్లీ తిప్పితే నీళ్లు దండగని జరిమానా వేస్తారు."

బావకు నా మాటంటే లెక్కలేదు గానీ, సర్కారంటే హడల్.

అక్క స్నానానికెళ్లింది. చాలాసేపటికి నీళ్ల చప్పుడు ఆగింది. తను మాత్రం బయటికి రాలేదు.

బావ తలుపు దాకా వెళ్లి, ఎత్తిన చెయ్యి దించేశాడు. "నీళ్లు కట్టేసిందిగా, ఇప్పుడు పిలవొచ్చా?" అని గుసగుసగా అడిగాడు.

"తల ఆరేదాకా ఆగాలి బావా," అన్నాను.

నీళ్లు తగ్గించమన్నది నిజంగా ప్రభుత్వమే. పిలవకూడదన్న రూలు మాత్రం పానా చేతిలో ఉండగానే నేను పుట్టించింది.