కోకిల కేకు

"ఇది కేకా, కాళ్ళు తోముకునే రాయా?"

అలిమేలమ్మ ముక్కను పళ్ళెం అంచుకు తట్టింది. నిజంగానే టక్కుమంది. పక్కన నిలబడ్డ కోడలు భార్గవికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వెనీలా వాసన ఇంకా ఇల్లంతా తిరుగుతోంది. ఆ వాసన కోసమే ఆమె పొద్దున్నుంచీ హుషారుగా పని చేసింది.

"పెరుగులో సోడా వేసి పది నిముషాలు ఉంచినాను అత్తా. మైదా రెండుసార్లు జల్లించినాను."

"జల్లించినావు, కొలిచినావు, సెల్లులో చూసినావు. చివరికి వచ్చింది ఇటుకరాయి. కోకిల కూడా గుడ్డు లేకుండానే చేస్తాది. దూది మాదిరి ఉంటాది. పదేళ్ళుగా తింటా ఉండా, నాకు తెలీదా?"

కోకిల ఒకప్పుడు పక్కింటామె. ఇప్పుడు పట్టాభిరామ్‌లో ఉంటోంది. ప్రతి క్రిస్మస్‌కూ మర్చిపోకుండా కేకు పంపుతుంది. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన నాలుగు నెలల్లో భార్గవి ఆ కేకు గొప్ప వినని వారం లేదు.

తిరుత్తణి కొండ కింద ఉన్న ఆ ఇంట్లోకి గుడ్డు రాదు. మామ దామోదరం ప్రతి ఆడికృత్తిక పండగకూ కావడి ఎత్తుతాడు. పన్నెండేళ్ళ కిందట మొక్కుకున్నప్పటి నుంచీ గుడ్డు గుమ్మం దాటకూడదని ఆయన కట్టడి. ఆయన తీపి ముట్టడు కాబట్టి కేకుల గొడవ ఆయనకు పట్టదు. భర్త హేమనాథ్ మంచివాడు. భార్య చేసిన రాళ్ళను టీలో ముంచుకుని రెండేసి ముక్కలు తింటాడు. పట్టేది అత్తకే.

"వచ్చే ఆదివారం కూడా ఇట్లాగే వస్తే ఆ పెట్టెను పొన్నేరికి పంపేస్తా. నా కూతురు యశస్విని రొట్టెలైనా కాల్చుకుంటాది. ఇక్కడ చుమ్మా కరెంటు దండగ," అంది అలిమేలమ్మ.

పెట్టె అంటే ఓవెన్. భార్గవికి అన్న ఇచ్చిన పెళ్ళి కానుక. గాజు తలుపు వెనక కేకు మెల్లగా పొంగుతుంటే చూడటం ఆమెకు సినిమా కంటే ఇష్టం. చిక్కల్లా ఆ పొంగు బయటికి వచ్చాక నిలవకపోవడమే.

అత్తను మంచి చేసుకుందామని అన్నానికి బియ్యం తీయబోయింది.

"డబ్బా జోలికి పోవద్దన్నానా? తడి చేతులు పెట్టి పురుగు పట్టిస్తావు. బియ్యం నేనే కొలుస్తా. ఎన్నిసార్లు చెప్పాల మే నీకు?"

భార్గవి చెయ్యి వెనక్కి తీసుకుంది.

బుధవారం రైలెక్కి పట్టాభిరామ్ పోయింది. కోకిల కాఫీ ఇచ్చి, వివరాలడిగింది.

"ఓవెను ముందుగా వేడి చేస్తావా?"

"చేస్తా ఆంటీ."

"మధ్యలో తలుపు తెరుస్తావా?"

"ఒకే ఒకసారి. చూడాలనిపిస్తాది."

"అదే కొంప ముంచేది. చల్లగాలి తగిలితే కూలిపోతాది. మైదా పడినాక ఊరికే గిలకొట్టబాకు, జిగురొచ్చి గట్టిపడిపోతాది. వెన్న ఫ్రిజ్జులో నుంచి ముందుగానే తీసి పెట్టు."

"ఇవన్నీ చేస్తే మీ మాదిరి దూదిలా వస్తాదా?"

కోకిల వాకిలివైపు ఒకసారి చూసింది. "రాదు. నేను ఆరు గుడ్లు వేస్తాను."

భార్గవి కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

"మొదటి ఏడాది మీ మామ మొక్కు సంగతి తెలీక పంపినాను. మీ అత్త ఫోను చేసి, గుడ్డు లేకుండా ఎంత బాగా చేసినావు కోకిలా అనె. వెనక మీ మామ గొంతు వినపడతానే ఉండాది. ఇంక నాకు నోరు రాలేదు. ఏటేటా అదే మాట, అదే కేకు. ఆమెకు చెప్పబాకు పాపా. తట్టుకోలేదు."

భార్గవి ఒట్టు వేసింది.

తిరుగు రైలులో తిరువళ్ళూరు వచ్చేదాకా తనలో తనే నవ్వుకుంది. పదేళ్ళుగా గుడ్లు మింగుతూ గుడ్డు లేని గొప్ప చెప్పే మనిషి. ఆ నాలుకకా తను ఇన్నాళ్ళు భయపడింది? అత్త మీద మొదటిసారి చులకన భావం కలిగింది. అది వెనీలా కంటే తియ్యగా ఉంది.

ఆదివారం కోకిల చెప్పినట్టే చేసింది. ఒక్కసారి కూడా తలుపు తీయలేదు. కేకు పొంగింది, నిలిచింది. అలిమేలమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలింది.

"పోయినసారి రాయి. ఈసారి రబ్బరు చెప్పు. కోకిల ఇంటికి పోయొచ్చి నేర్చుకున్నది ఇదేనా?"

"మధ్యలో తలుపు తీయకూడదని చెప్పింది అత్తా."

"ఇంకా?"

"మైదా పడినాక గిలకొట్టకూడదని."

"అంతేనా? ఇంకేమీ చెప్పలేదా?"

ఓవెన్ వచ్చిన అట్టపెట్టె అప్పుడే అటక మీది నుంచి దిగి, పురికొసతో సహా గోడవారగా ఉంది. ఒక్క మాట అంటే చాలు, ఓవెన్ ఇక్కడే ఉంటుంది. ఈ నోరు జన్మలో మళ్ళీ లేవదు. మాట గొంతుదాకా వచ్చింది. కోకిల ముఖం గుర్తొచ్చింది. భార్గవి ఆ మాటను మింగేసింది.

"ఇంకేమీ చెప్పలేదు అత్తా. పొన్నేరికి పంపేయండి."

అలిమేలమ్మ కోడలిని పైనుంచి కిందికి చూసింది.

"చేతకాని చెయ్యే గానీ, నోరు మాత్రం గట్టిదే," అంది. "మీ మామ యాడ?"

"కొండకు పోయినాడు. మధ్యాహ్నానికి గానీ రాడు."

అలిమేలమ్మ వీధి తలుపు గడియ పెట్టి వచ్చింది.

"బియ్యం డబ్బా మూత తియ్యి."

"నా చేతులు తడి అత్తా."

"తుడుచుకో."

భార్గవి చీర కొంగుకు చేతులు తుడుచుకుని, మూత తీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టింది.

బియ్యం అడుగున ఆరు గుడ్లున్నాయి.