తిన్నింటి వాసాలు

ఎర్రన్న చెయ్యెత్తితే అరచెయ్యి పైకప్పుకు ఆనింది.

"ఏలాడే లైట్లు ఇక్కడ పనికిరావమ్మా. వచ్చినోళ్ల బుర్రలు పగులుతాయి," అన్నాడు.

విజయనగరంలో ఆ సెల్లార్‌ను ఝాన్సీ కుట్టుపని కోసం అద్దెకు తీసుకుంది. ఆరు మిషన్లు, ఆరుగురు ఆడవాళ్లు. వెలుతురు మాత్రం లేదు. వైరింగ్ బాగా చేస్తాడని ఎవరో చెబితే ఎర్రన్నను పిలిపించింది. నెల్లిమర్ల మనిషి. అరవైకి దగ్గర పడ్డవాడు.

"మరేటి పెడదాం?"

"పలకల్లాంటి ఎల్ఈడీలు. కప్పుకి అంటుకుపోతాయి. నడిమధ్యన ఒద్దు, మిషన్లకి ఎదురుగా, రవ్వంత ఎడమపక్కకి. నేకపోతే మీ తలకాయ నీడే సూది మీద పడతాది. తెల్ల లైటే ఎయ్యాల. పసుపు లైటులో నీలం దారం నల్లగా కనిపిస్తాది."

రెండు రోజుల పని. రెండు మధ్యాహ్నాలూ ఝాన్సీ తన క్యారేజీలోంచే అన్నం పెట్టింది. లైట్లు వెలిగేసరికి పైకప్పు మూరెడు పైకి జరిగినట్టనిపించింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఎర్రన్న నవ్వలేదు.

"అమ్మా, డ్రిల్లు పెడితే పిండిలో దిగినట్టు దిగిపోతన్నాది. లోపల ఊచలు తుప్పట్టిపోయినాయి. ఈ శ్లాబుని నమ్మకండి."

ఝాన్సీ వెంటనే బిల్డింగు యజమాని నరసింగరావుకు ఫోన్ చేసింది.

"ఆడి మాటలు నమ్ముతావేటమ్మా? పని పెంచుకోడానికి సెప్తాడు. నేనున్నాను కదా!" అన్నాడాయన.

పెద్దమనిషి మాట. ధైర్యం తెచ్చుకుంది. శ్రావణమాసం పెళ్లిళ్ల జాకెట్లు అప్పటికే గుట్టలుగా వచ్చిపడ్డాయి.

పదిహేను రోజులు తిరక్కుండా మున్సిపల్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. మూడు రోజుల్లో సెల్లార్ ఖాళీ చెయ్యాలి. ఝాన్సీ ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది.

"ఎవరు చేశారండీ ఫిర్యాదు?"

గుమాస్తా ఫిర్యాదు కాగితం తిప్పి చూపించాడు. కింద ఎర్రన్న సంతకం.

తిరిగి వస్తుంటే బజారులో ఎలక్ట్రికల్ షాపు ముందు అతను కనిపించాడు.

"నువ్వేనా?"

"నానేనమ్మా."

"ఎదురుగా కూచోబెట్టి అన్నం పెట్టినాను కదా! తిన్నింటి వాసాలే లెక్కెడతావా?"

అటూ ఇటూ పోయేవాళ్లు ఆగిపోయారు. ఎర్రన్న చేతిలోని వైరు చుట్టకేసి చూస్తూ నిలబడ్డాడు.

"మీకు సెప్పినాను. ఆయనకీ సెప్పినాను. ఇద్దరూ ఇన్నేదు."

"ఆరుగురి నోటికాడ కూడు తీసినావు. ఇంకెప్పుడూ నా ఎదర పడకు!"

మిషన్లు ఝాన్సీ ఇంటి వసారాలోకి చేరాయి. ఇద్దరు ఆడవాళ్లు పని మానేశారు. పెళ్లి జాకెట్లు వేరే షాపులకు తరలిపోయాయి. ఎర్రన్న పేరు వింటే చాలు, ఆమెకు ఒళ్లు మండిపోయేది.

దసరా ముందు మూడు రోజులు ఏకధాటిగా వాన పడింది. నాలుగో రోజు పొద్దున్నే ఎవరో పరుగున వచ్చి చెప్పారు.

ఝాన్సీ వెళ్లి చూసింది. సెల్లార్ మీది శ్లాబు సగానికి కూలింది. మిషన్లు ఉండాల్సిన చోట నిలువెత్తు కాంక్రీటు పెళ్లలు.

అక్కడినుంచి తిన్నగా నెల్లిమర్ల బస్సెక్కింది. అడుగుతూ అడుగుతూ ఎర్రన్న ఇల్లు పట్టుకుంది.

తలుపు తీసింది నరసింగరావు కోడలు హేమ. అద్దె మాట్లాడడానికి వెళ్లినప్పుడు వాళ్లింట్లో మంచినీళ్లు తెచ్చిచ్చిన అమ్మాయి. చంకలో ఏడాది పిల్లాడు.

"నువ్వేటమ్మా ఇక్కడ?"

"ఇది మా పుట్టిల్లేనండి. నాన్న నౌపడలో పనికెళ్లినాడు. వారం దాకా రాడు."

"ఎర్రన్న మీ నాన్నా?"

హేమ తలూపింది.

"నాన్న ఆ ఫిర్యాదు కాగితం ఇచ్చిన రోజే మా మావగారు నన్ను ఇక్కడికి పంపేసినారు. మా ఆయన నోరెత్తనేదు."

ఝాన్సీ పిల్లాడికేసి చూసింది.

పిల్లాణ్ని ఇంకో చంకకు మార్చుకుంటూ హేమ మెల్లగా అంది: "అలాగవుతాదని నాన్నకి ముందే తెలుసండి. నన్ను అడిగే సంతకం ఎట్టినాడు."