పన్నెండున్నర

డ్రైవరు గుండె దడను బట్టి పెట్రోలూ గాలీ కలుపుకునే ఇంజన్లు వచ్చాక, మా వీధిలో ఎవరింట్లో గొడవైనా పొగగొట్టమే చెప్పేస్తోంది. కోపమొస్తే పెట్రోలు పెరిగి నల్లపొగ. కులాసాగా ఉంటే గాలి పెరిగి బండికి నీరసం.

ఆదివారం కొండ రోడ్డు పందెంలోకి మావారి కారును రానివ్వాలంటే, ఈరోజు పరీక్షలో మీటరు పన్నెండున్నర దగ్గర నిలవాలి. అంటే ఒక వంతు పెట్రోలుకి పన్నెండున్నర వంతుల గాలి. మావారేమో పెసరట్టు తినొచ్చి హాయిగా స్టీరింగు ముందు కూర్చున్నారు. మీటరు పదిహేను దాటింది.

"అమ్మా, సారుకి కాస్త కోపం తెప్పించండి," అని వెనక సీట్లోంచి నా చెవిలో గొణిగాడు మెకానిక్ మస్తాన్.

"నెమ్మదిగా పోనివ్వండి," అన్నాను.

"ఇంకా బండే కదల్లేదు విశాలా!"

పద్నాలుగు.

"మీ అక్కయ్యగారు ఫోన్ చేశారు."

"ఎందుకట?"

పదమూడు.

"వస్తున్నారట."

పన్నెండున్నర! కారు రివ్వున కొండ మీదికి దూసుకుపోయింది.

పరీక్ష కాగితంలో 'ట్యూనింగ్ చేసినవారు' అన్నచోట మస్తాన్ నా పేరే రాశాడు. ఆవిడ రెండు నెలలు ఉంటారన్న సంగతి మాత్రం నేనింకా చెప్పలేదు. పందెం రోజుకీ ఏదో ఒకటి ఉండాలిగా.