కొండకు అవతలి కేక

సముద్రం ఒడ్డున ఒక రాళ్ళ లోయలో మేకల మంద ఉండేది. వెనకున్న నిటారు కొండను ఎక్కిన మేక లేదు. గడ్డి చాలక మందకు పెద్దయిన పోతు తెప్ప కట్టుకుని, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్మును చుట్టి, మూడు రోజులకు మరో రేవు చేరాడు. కడుపునిండా మేసి వచ్చి, గడ్డం దువ్వుకుంటూ అందరికీ చెప్పాడు.

“ప్రపంచం అంచుదాకా వెళ్ళొచ్చాను. అక్కడా కొమ్ములున్నవాళ్ళున్నారు గానీ, ఒట్టి మొరటు మంద. సాహసం మన రక్తంలోనే ఉంది.”

తెప్ప మీద వాలిన నీటికాకి నవ్వింది. “రక్తంలో కాదు మామా, ఖాళీ కడుపులో. ఇక్కడ గడ్డుంటే నువ్వు కాలు తడుపుకునేవాడివా? అయినా నువ్వు వెళ్ళింది ఈ కొండ వెనక్కే. వాళ్ళూ నీలాగే అరుస్తారు.”

“మా దగ్గరే నేర్చుకునుంటారు,” అని పోతు కొండకేసి తిరిగి గొంతెత్తాడు. “మేమే అసలు మేకలం.”

కాసేపటికి కొండ అవతల నుంచి, “మేమే అసలు మేకలం” అని వినిపించింది.

“చూశావా, కొండ కూడా నాకు వంత పాడుతోంది,” అన్నాడు పోతు.

ఆ కేక వేసిన అవతలి పోతు కూడా తన మందతో అప్పుడు సరిగ్గా అదే మాట అంటున్నాడు.