ఒక్క గుడ్డు

లేదంటే గూడుపెట్టెలోకి వెలుతురు ఎక్కువ పడుతోందేమో. చీకటిగా ఉంటేనే పక్షులు గుడ్డు పెడతాయని ఎక్కడో విన్నది. ఆ కన్నానికి గుడ్డపీలిక కట్టి చూస్తే? లేక తన కళ్ళే అడ్డమేమో. పొద్దస్తమానం ఎదురుగా కూర్చుని చూస్తుంటే ఏ జంటకైనా సిగ్గుండదూ.

జ్ఞానప్రసూన కుర్చీ వెనక్కి జరుపుకుంది.

ఇంక నాలుగు రోజులే. ఇండియన్ స్టోర్ వాళ్ళిచ్చిన 2012 క్యాలెండర్లో శనివారం చుట్టూ ఆమే సున్నా చుట్టింది. ఆ రోజు విమానం. సన్నీవేల్‌లోని ఈ అపార్ట్‌మెంట్‌కి వచ్చి ఆరు నెలలు కావస్తోంది. కాకినాడ సంబంధం వాళ్ళు శుక్రవారం దాకా ఆగుతామన్నారు. కొడుకు శ్రీహర్షకి ముప్పైనాలుగు నిండాయి. ఇది పోతే ఇంకోటి వస్తుందన్న నమ్మకం ఆమెకి లేదు.

అంతా ఆ పంజరం దగ్గరే ఆగింది.

వచ్చిన మొదటి వారం, టిఫిన్ దగ్గర పెళ్ళి మాట ఎత్తింది. శ్రీహర్ష పంజరం వైపు చూశాడు. "అవి గుడ్డు పెట్టిన రోజున నువ్వు చూపించిన అమ్మాయిని చేసుకుంటానమ్మా. ఒట్టు" అన్నాడు. పక్కన దివాకర్ చేతిలో చెంచా ఆగిపోయింది. తర్వాత నవ్వేశాడు. ఆమె కూడా నవ్వింది. గుడ్డెంతసేపు?

దివాకర్ హర్ష రూమ్మేట్. వరంగల్ వాడు. తన గది ఆమెకిచ్చేసి హాల్లో సోఫా మీద పడుకుంటున్నాడు. రెండేళ్ళుగా ఉంటున్న గదిలో, ఆమె వచ్చేనాటికి పరుపు మీది ప్లాస్టిక్ కవరైనా తీయలేదు. పొదుపు మనిషి అనుకుంది. ఉప్మా తింటూ తింటూ, కనీసం చూడకుండానే, హర్ష ప్లేట్లోని పచ్చిమిరపకాయలు ఏరి తన ప్లేట్లో వేసుకుంటాడు. ఇలాంటి స్నేహితుడు దొరకడం అదృష్టం అనుకుంది.

పంజరంలోని ఆ చిన్న చిలకల్ని ఇక్కడ పారాకీట్లంటారు. ఆమెకవి లవ్ బర్డ్సే. ఆకుపచ్చది మగది, బూడిదరంగుది ఆడది. అది ఒకరు చెప్పక్కర్లేదు. ఆకుపచ్చది తల ఊపుకుంటూ దగ్గరికి జరుగుతుంది. ముక్కుకి ముక్కు తాకించి, తను తిన్న గింజలే పైకి తెచ్చి దాని నోట్లో పెడుతుంది. బూడిదరంగుది కళ్ళు మూసుకుంటుంది. ముప్పై ఆరేళ్ళ కాపురంలో తన భర్త ఒక్క పూటైనా "తిన్నావా" అని అడగలేదని ఆమెకి వాటిని చూశాకే గుర్తొచ్చింది. ఇంత ప్రేమ ఉన్నచోట గుడ్డెందుకు రాదు?

తనేం తక్కువ చేసింది? దివాకర్‌ని బతిమాలి చెక్క గూడుపెట్టె తెప్పించింది. పెసలు నానబెట్టింది. కోడిగుడ్డు ఉడికించి పెంకుతో సహా నలిపి పెట్టింది. వాటికి పగలు పొడుగ్గా ఉండాలని టేబుల్ లైటు వెలిగించి ఉంచింది. మొన్న మరీ దిగజారింది. తెల్లటి పిప్పరమెంటు బిళ్ళ ఒకటి పెట్టెలో పెట్టి, కాసేపు దానివైపే చూసి, సిగ్గేసి తీసేసింది.

నిన్న మొండికెత్తింది. దూరమైతే కోరిక పుడుతుందని, బూడిదరంగుదాన్ని అట్టపెట్టెలో వేసి బాత్రూంలో ఉంచింది. సాయంత్రం దాకా రెండూ గింజ ముట్టలేదు. గోడకి అటూ ఇటూ అరుస్తూనే ఉన్నాయి. ఆమె చెవులు మూసుకుని కూర్చుంది. చివరికి తనే ఓడిపోయి, తెచ్చి కలిపింది.

ఇవాళ లాండ్రీ గదిలో అనురాధ కలిసింది. కింది ఫ్లాట్ అమ్మాయి. ఇంట్లో ఇలాంటి పక్షుల్ని పెంచి, పిల్లల్ని పెట్టిస్తుందట. ఆ అమ్మాయిని చేయి పట్టుకుని పైకి లాక్కొచ్చింది.

అనురాధ ఒక్క చూపే చూసింది.

"ఇవి రెండూ మగవే ఆంటీ."

"కాదమ్మా, ఇది ఆడది. ఎలా తినిపించుకుంటోందో చూడు."

"ముక్కు పైన చూడండి. ఆడదానికైతే బ్రౌన్ కలర్ వస్తుంది. రెండిటికీ బ్లూనే."

"మరి ఈ ముద్దులూ అవీ?"

"మగవి రెండైనా జంట కడతాయి ఆంటీ. గుడ్డు ఒక్కటే రాదు. కావాలంటే నా దగ్గరున్న ఆడదాన్ని ఇస్తాను, ట్రై చేయండి. ఇవి దాని మొహం కూడా చూడవు లెండి."

అనురాధ వెళ్ళిపోయింది. జ్ఞానప్రసూనకి ఒళ్ళు మండింది. ఆరు నెలలు. కన్నతల్లిని ఇన్నాళ్ళు ఆ పంజరం ముందు కూర్చోబెట్టాడు. ఇదెక్కడి వేళాకోళం?

ఇంటి నుంచే పని చేసుకుంటున్న దివాకర్ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"దివాకర్, ఇవి రెండూ మగవని వాడికి తెలుసా?"

కత్తి ఆగింది.

"తెలుసమ్మా. కొన్ననాడే తెలుసు. ఇద్దరం కలిసే తెచ్చినం."

"మరి తెలిసీ నాకు పెట్టె ఎందుకు తెచ్చిచ్చావు?"

"మీరు అంతగనం అడిగిన్రు గదమ్మా. ఏం చెప్పాల్నో తెల్వలే."

అతను ఇటు తిరగలేదు. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఉల్లిపాయలేమో అనుకుంది.

మళ్ళీ వచ్చి పంజరం ముందు కూర్చుంది. కాకినాడ వాళ్ళకి ఏం చెప్పాలి? నిన్నటి అరుపులు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఆకుపచ్చది గింజ తెచ్చింది. బూడిదరంగుది కళ్ళు మూసుకుంది. ఆమె చాలాసేపు చూసింది.

హర్ష ఆఫీసు బస్సు వచ్చే వేళయింది. లేచి గూడుపెట్టె కొక్కేలు విప్పి తీసేసింది. చేతులు కడుక్కుంది.

తర్వాత, ఆరు నెలలుగా సోఫా చివర మడిచి ఉంటున్న దివాకర్ దిండుని రెండు చేతులతో తీసుకుని, హర్ష గదిలోకి వెళ్ళి, మంచం మీద హర్ష దిండు పక్కన పెట్టింది.