సున్నా నంబరు మనిషి

“గొళ్ళెం పెట్టొద్దని మా అమ్మకి మెసేజ్ పెట్టారేంటి? అల్లుడుగారు వస్తున్నారని ఆవిడ అప్పుడే పక్క కూడా వేసేసింది!” గుమ్మంలోనే నిలదీసింది భార్య.

ప్రోగ్రామరుకి పొరపాటు ఎక్కడ జరిగిందో తట్టింది. తను ఆఫీసులో బయల్దేరగానే మనిషికి తగ్గ మెసేజ్ దానంతటదే వెళ్ళేలా యాప్ రాసుకున్నాడు. అందులోని ఈనమ్‌లో, అంటే అంకెలు వేసిన పేర్ల వరసలో, భార్య సున్నా, అత్తగారు ఒకటి, మేనేజరు రెండు. ఫోన్ నంబర్ల పక్కన దాచింది ఈ అంకెలే; వాటిని చూసే ఎవరికి ఏ మెసేజో యాప్ తేల్చుకుంటుంది. పొద్దున ఈనమ్‌లో అందరికంటే పైన తన అమ్మను చేర్చాడు. అంకెలు తను రాయకుండా కంప్యూటరుకి వదిలేశాడు కాబట్టి, అది పైనుంచి సున్నాతో మొదలుపెట్టి లెక్కేసింది; అమ్మ సున్నా అయి కూర్చుంది. తక్కినవాళ్ళు తలా ఒక మెట్టు దిగారు. ఫోన్ నంబర్ల పక్కన మాత్రం పాత అంకెలే ఉండిపోయాయి.

“నీకు రావాల్సింది మీ అమ్మకి వెళ్ళింది.”

“మరి అమ్మకి రావాల్సింది?”

“మేనేజరుకి. ‘అత్తయ్యగారూ, ఆరోగ్యం జాగ్రత్త’ అని.” ఉసూరుమంటూ లాప్‌టాప్ తెరిచాడు. “ఎవరి అంకె వాళ్ళకి నేనే రాసేస్తే సరి. ఒక్క నిమిషం.”

“ఆగండి. అయితే నాకొచ్చింది?”

“మా అమ్మది.”

ఆమె ఫోన్ చూపించింది. ‘తిన్నావా? నడుం నొప్పి తగ్గిందా?’

“పెళ్ళయ్యాక నన్నిలా అడగడం ఇదే మొదలు. మిగతావాళ్ళవి మార్చుకోండి, నాది ఇలాగే ఉండనివ్వండి.”

అతని వేళ్ళు ఆగిపోయాయి. లాప్‌టాప్ మూసేశాడు.

“తిన్నావా?” అన్నాడు, ఈసారి నోటితో.