రెండు కార్బొరేటర్లు, నాలుగు నిమ్మకాయలు

“ఆగు, ఆగు! గీ రెండోది గాలి ఎక్కువ గుంజుతుంది.”

డ్రిప్పు పైపు ముక్క ఒక కొస కార్బొరేటర్ నోట్లో, రెండో కొస తన చెవిలో పెట్టుకుని వింటోంది వసంత. పక్కన ఆమె భర్త మహిపాల్ ఊపిరి బిగబట్టాడు. గద్వాల మొత్తానికి ఇలాంటి రెండు సీట్ల పాతకాలం ఎర్రకారు ఇదొక్కటే. మహిపాల్ నాయన పోయాక మూలనపడింది. రెండు కార్బొరేటర్లూ విప్పి, కడిగి, మళ్లీ బిగించింది వసంతే. మామ దగ్గర నేర్చిన విద్య! రెండూ ఒక్కతీరుగా గాలి పీల్చాలి. జోడెద్దుల్లో ఒకటి మొండికేస్తే బండి కదలదు కదా.

వసంత స్క్రూ తిప్పింది. అటు వింది, ఇటు వింది. దగ్గుతున్న ఇంజను గొంతు సర్దుకుని పాటందుకుంది.

“కుదిరింది!” మహిపాల్ గంతేశాడు.

వసంత ఎర్ర గోళ్లరంగుతో స్క్రూ మీద ఒక చుక్క, దానికెదురుగా కార్బొరేటర్ మీద ఒక చుక్క పెట్టింది. “ఇవి ఎదురెదురుగ ఉన్నన్ని దినాలు దీనికి తిరుగులేదు.”

అంతలోనే మహిపాల్ సంబరం చప్పబడింది. ఆ కారు కోసమే అక్క మొగుడు నరసింహ వనపర్తి నుంచి వస్తున్నాడు. ఇంటల్లుడు నోరు తెరిచి అడిగితే కాదనేదెట్లా? ఇస్తానని మాటిచ్చేశాడు.

“మాట తప్పలేను వసంతా.”

“నిన్ను తప్పమన్ననా?”

నరసింహ ఆటో దిగాడు. “తయారైందా చెల్లె?”

“నువ్వే విను అన్నా.”

ఆ చప్పుడు వినగానే అతని ముఖం వెలిగిపోయింది. సంచీలోంచి నిమ్మకాయలు తీసి నాలుగు చక్రాల కిందా పెట్టసాగాడు.

“జర ఉండు, ఒక్కసారి చూస్త,” అంటూ వసంత బానెట్ కింద తల దూర్చింది. ఆఖరిసారి చూసుకుంటోందని మహిపాల్ మనసు చివుక్కుమంది.

నరసింహ ఎక్కి గేరు వేశాడు. నిమ్మకాయలు చితికాయో లేదో, ఇంజను ఖళ్లున దగ్గి ఆగిపోయింది.

అతని ముఖం పాలిపోయింది. నిమ్మకాయ మీద ఆగిన బండిని ఎవరు ఇంటికి తోలుకుపోతారు? గబగబా దిగి తాళంచెవి మహిపాల్ చేతిలో పెట్టాడు.

“నాకొద్దు బామ్మర్ది! మీ నాయన కారు, నువ్వే ఉంచుకో.”

“నేనైతే ఇచ్చిన గద బావా!”

“ఇచ్చినవ్. నేనే వద్దంటున్న.”

దారిన పోయే ఆటో ఆపి ఎక్కి వెళ్లిపోయాడు. మహిపాల్‌కు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. “గంత మంచిగ నడిచిందిగదనే! గిప్పుడేమైంది?”

వసంత నవ్వు ఆపుకుంటూ స్క్రూడ్రైవర్ అందుకుని బానెట్ ఎత్తింది. మహిపాల్ తొంగి చూశాడు.

రెండు ఎర్రచుక్కలూ ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి.